చిటికెడు

జూన్ ఆఖరున పిల్లల బడికి తాళం వేస్తూ
హెడ్‌మిస్ట్రెస్ ఆ తొట్టిని నాకు అంటగట్టింది.
"వంటమనిషివి, ద్రహోమీరా, నీకిదొక పనా?"
నలభై లీటర్ల గాజు ట్రామ్‌లో నా ఒళ్లో,
పదకొండు నియాన్ చేపలు
ఊరదోసకాయల సీసాలో, నా కాళ్ల మధ్య.

మొదటి తప్పు ఆ సాయంత్రమే.
ఫిల్టర్ స్పాంజి బురదగా ఉందని
కుళాయి కింద పిండి పిండి ఉతికాను.
గులకరాళ్లు కూడా తోమాను,
తళతళలాడేదాకా.

రెండో తప్పు, చెయ్యి.
పాతికేళ్లు తొంభై గిన్నెల్లో గరిటె తిప్పిన చెయ్యి.
చిటికెడంటే దానికేం తెలుసు?
వేశాను, తిన్నాయి. వేశాను, తిన్నాయి.
వేశాను.

నాలుగో రోజుకి నీళ్లు గంజి.
ఐదో తెల్లవారుజామున అన్నీ పైకొచ్చి
నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి,
భోజనాల గంటకి మా పిల్లలు నిలబడినట్టు.
పాపం ఆకలని
ఇంకాస్త వేశాను.

మధ్యాహ్నానికి రెండు పోయాయి.

నాలుగో అంతస్తు స్టిబోర్ గారు దిగి వచ్చారు.
ఉక్కు మిల్లులో క్రేన్ నడిపిన మనిషి,
మాటల్ని కూడా తూకం వేసి దించుతాడు.
గాజు గొట్టంలో చుక్కలేశాడు.
పసుపు ఉండాల్సింది పచ్చబడింది.
"అమోనియా. ఆకలి కాదమ్మా, ఊపిరాడక."
"స్పాంజి కడిగావా?"
"ఊఁ."
"కుళాయి నీళ్లతో?"
నేను కిటికీలోంచి ట్రామ్ పట్టాలు చూశాను.
"నువ్వు వెళ్లగొట్టింది మురికిని కాదు,
మురికి తిని బతికే వంటింటి సిబ్బందిని."

తన తొట్టిలోంచి ఓ నల్లటి స్పాంజి తెచ్చి
నా శుభ్రమైన నీళ్లలో పిండాడు.
చూడలేక చూశాను.
రోజూ మూడో వంతు నీళ్లు మార్చమన్నాడు,
క్లోరిన్ విరిచే చుక్కలు కలిపి.
"మూడు రోజులు ఏమీ పెట్టకు."
"ఏమీ?"
"ఏమీ."
నా జన్మలో ఇంత కష్టమైన వంట చెయ్యలేదు.

ఆకులు ఉడికిన పాలకూరలా కరిగిపోతుంటే
పీకబోయాను. "ఆకు కాదు, వేరు చూడు," అన్నాడు.
వేరు తెల్లగా, గట్టిగా ఉంది. ఊరుకున్నాను.
గాజుకి పాచి పట్టింది:
కిటికీ వైపు అట్టముక్క ఆనించాను.
నత్తలు పెరిగాయి:
"చంపకు. నీ చెయ్యెంత పెద్దదో
అవి లెక్క చెబుతాయి."

ఆదివారం నన్ను కర్వినా వైపు తీసుకెళ్లాడు,
గని కుంగి నీరు నిలిచిన గుంట దగ్గరికి.
అడుగున ఒకప్పుడు వీధి ఉండేదట.
"చేపల్లేని గుంటే కావాలి. చేపలుంటే రోగాలూ ఉంటాయి."
పాత మేజోడు కట్టిన కర్రతో
నీళ్లలో ఎనిమిది అంకె గీశాడు.
సీసాలో ఎర్రటి నలుసులు,
ఒక్కోటీ ఒక్కో గెంతు.
ఆ రాత్రి తొమ్మిది చేపలు వాటిని తరిమాయి.
తినడానికి ముందు వెతకడం ఉంటుందని
నా వంటింట్లో నాకెవరూ చెప్పలేదు.

గుంటకి వెళ్లలేని వారాలకి
పెరుగు డబ్బాలో ఓట్స్ జావ పోసి
ఆయనిచ్చిన చెంచాడు పురుగులతో తోడు పెట్టాను.
ఐదో రోజుకి వెంట్రుకంత పురుగులు
డబ్బా గోడలెక్కి మెరిశాయి, పుల్లటి వాసనతో.
వేలితో తుడిచి నీళ్లలో ముంచడమే.
పాతికేళ్లుగా పిల్లలు పక్కకి తోసిన జావ అది.
ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నవాళ్లు
చివరికి వీళ్లు.

సెప్టెంబర్ ఒకటి.
హెడ్‌మిస్ట్రెస్ చేపల్ని లెక్కపెట్టలేదు.
పిల్లలు లెక్కపెట్టారు.
"రెండేవీ?" అన్నాడు ఒటకార్.
"ఎక్కువ పెట్టాను," అన్నాను.
వాడు కాసేపు నన్ను చూసి
భోజనం బల్ల దగ్గర
తన గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

గరిటె గాల్లో ఉంది.
దించడం నేర్చుకుంటున్నాను.